దుబాయ్ గ్యారంటీతో దిల్‌సుఖ్‌నగర్‌కి

మా ఇంటి నుంచి గమ్యానికి దూరం తొమ్మిది కిలోమీటర్లు. చేరడానికి పట్టింది మూడు రోజులు. వనస్థలిపురంలో మా గేటు దగ్గర బయల్దేరి, ఎల్‌బీ నగర్ మీదుగా, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ కింద ఉన్న సెల్లార్ దాకా వెళ్లొచ్చాను. ఇదీ ఒక యాత్రేనా అని నవ్వేవాళ్లు ఉంటారు. సకల జనుల సమ్మె రోజుల్లో, ఆర్టీసీ బస్సులన్నీ డిపోల్లో నిద్రపోతున్నప్పుడు, భుజాన లాప్‌టాప్ సంచీ తగిలించుకుని ఆ దారిన ఒక్కసారి నడిచి చూసి, అప్పుడు నవ్వమనండి. దుబాయ్‌కి నేను నాలుగు గంటల్లో చేరాను. కొత్తపేట దాటడానికి మూడో రోజు పొద్దెక్కింది.

వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను. వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు, వాళ్ల కాళ్లకే తెలుసు.

దుబాయ్: వస్తువు కొన్న చోటు

మాది పోచంపల్లి. పద్మశాలీల ఇంట్లో పుట్టాను. పెళ్లయి వనస్థలిపురం వచ్చాక మగ్గం చేతిలోంచి పోయింది కానీ డిజైన్ పని పోలేదు. నేతగాళ్లకి గ్రాఫులు గీసి ఇస్తాను. నూలు నేయకముందే పోగులకి ముడులు కట్టి రంగులు ముంచుతారు కాబట్టి, ఏ పోగు మీద ఎక్కడ ముడి పడాలో చెప్పే పటం ముందు కావాలి. ఒకప్పుడు గళ్ల కాగితం మీద గీసేదాన్ని, తర్వాత కంప్యూటర్ మీదికి మారాను. సమ్మెకి ముందు ఏడాది, చేనేత ప్రదర్శనలో స్టాలు చూసుకోమని నన్ను దుబాయ్ పంపారు. స్టాలు నాలుగు రోజులు. ఐదో రోజు లాప్‌టాప్ కొన్నాను.

దిల్‌సుఖ్‌నగర్ పక్కనే పెట్టుకుని అక్కడ ఎందుకు కొన్నావని అడిగిన వాళ్లందరికీ నా జవాబు ఒకటే. అక్కడ ఆథరైజ్డ్ డీలర్ ఉన్నాడు. మన దగ్గర దుకాణం ఆయన ముందు కుర్చీ వేస్తాడు. టీ తెప్పిస్తాడు. పిల్లలు ఏం చదువుతున్నారని అడుగుతాడు. చెప్పిన ధరలో మూడు వేలు తగ్గించి, గ్యారంటీని విజిటింగ్ కార్డు వెనకాల రాసిస్తాడు. ఇలాంటి మనిషిని ఎలా నమ్మడం? దుబాయ్‌లో నన్నెవరూ కూర్చోమనలేదు. టై కట్టుకున్న మలయాళీ ఉద్యోగి ధర చెప్పాడు. బేరమాడితే గోడ మీది బోర్డు వైపు వేలు చూపించాడు. ఇంత మర్యాద లేకుండా అమ్ముతున్నారంటే సరుకు ఎంత గొప్పదో అని మురిసిపోయాను.

గ్యారంటీ పుస్తకం కూడా ఇచ్చాడు. అందులో ఇరవై భాషలున్నాయి, తెలుగు లేదు. అతను ‘ఇంటర్నేషనల్’ అనే మాట కింద పెన్నుతో గీత గీసి, ప్రపంచంలో ఎక్కడ చెడిపోయినా దగ్గరలో ఉన్న ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే చాలన్నాడు. ఎల్‌బీ నగర్ ప్రపంచంలోనే ఉందని అప్పటికి నా నమ్మకం.

ఆయుధపూజ

మగ్గం ఉన్న ఇంట్లో దసరాకి మగ్గానికి పూజ చేస్తారు. మగ్గం లేని ఇంట్లో ఏది అన్నం పెడుతుంటే దానికి చేస్తారు. మా ఇంట్లో అన్నం పెట్టేది లాప్‌టాప్. దాన్ని తెరిచి దేవుడి ముందు పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాను. ఒక్కటి పెట్టి ఊరుకున్నా పోయేది. భక్తి ఎక్కువై తెరకొకటి, మీటల వరసకొకటి, గాలి పోయే సందులకొకటి పెట్టాను. తర్వాత కొబ్బరికాయ కొట్టాను. నీళ్లు ఎటు చిందాయో ఆ తొందరలో చూసుకోలేదు. హారతి ఇస్తుండగా తెర ఆరిపోయింది. అమ్మవారు పూజ అందుకుందని మా ఆయన అన్నాడు. ఆ మాటకి ఆయన రెండు పూటలు పచ్చడి మెతుకులు తిన్నాడు.

పోయింది వస్తువు ఒక్కటే అయితే నేనూ నవ్వేదాన్ని. అందులో యాదగిరి వాళ్ల నాయన రుమాలు ఉంది.

యాదగిరి పోచంపల్లి దిక్కు పల్లెలో నేతగాడు, నాకంటే పదేళ్లు చిన్న, నన్ను అక్కా అంటాడు. వాళ్ల నాయన ముత్తయ్య వయసులో ఉన్నప్పుడు నేసిన తేలియా రుమాలు ఒకటి వాళ్ల ట్రంకుపెట్టెలో మిగిలింది. నూలుని నూనెలో నానబెట్టి, ఎరుపూ నలుపూ అద్ది నేసే చదరపు గుడ్డ అది. ఆ పనితనం ఇప్పుడు వాళ్ల ఊళ్లో ఎవరికీ లేదు. గుడ్డ మడతల దగ్గర చిరిగిపోతోందని, నేను నెల రోజులు వాళ్లింటికి తిరిగి, భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టి, లాప్‌టాప్‌లో గ్రాఫు గీశాను. ఫొటో తీయలేదు. పోగు పోగూ గ్రాఫులో ఉండగా ఫొటో దేనికని నా ధీమా.

ఆ వానాకాలంలో ముత్తయ్య పోయాడు. యాదగిరి ఫోన్ చేశాడు.

“అక్క, రుమాలు నాయిన మీద కప్పమంటున్నరు. కప్పాల్నా?”

కప్పండి అన్నాను. గుడ్డ పోయినా డిజైన్ పోదు, నా దగ్గర భద్రంగా ఉంది అన్నాను. అంత గట్టిగా మాటివ్వడానికి నేనెవరిని? కానీ ఇచ్చాను. దుబాయ్ గ్యారంటీ ఉందిగా. ముత్తయ్యతో పాటు ఆ రుమాలూ కాలిపోయింది.

తర్వాత యాదగిరి దాన్ని మళ్లీ నేయడానికి కూర్చున్నాడు. ఎరుపుకి కావలసిన కాగితాలు ప్రింటు తీసి ఇచ్చాను, ముడులు కట్టి ఎరుపు ముంచేశాడు. నలుపు కాగితాలు పండగ తర్వాత ఇస్తానన్నాను. పండగ తర్వాత నా దగ్గర మిగిలింది కుంకుమ బొట్టు పెట్టిన నల్లటి తెర. సంగతి ఫోన్లో చెబితే సరే అక్క అని పెట్టేశాడు. నాలుగు రోజుల తర్వాత తెల్లవారుజామున పాల వ్యాన్‌లో వచ్చి మా గుమ్మం ముందు దిగాడు. తిట్టినా బాగుండేది.

మొదటి రోజు: చౌరస్తాలో భోజనం

ఎల్‌బీ నగర్ సర్వీస్ సెంటర్‌కి ఆ పూటే ఇద్దరం బయల్దేరాం. మామూలు రోజుల్లో చిల్లరకి ఎక్కించుకునే షేర్ ఆటో ఆ రోజు మనిషికి నలభై రూపాయలంది. ఇదేం అన్యాయమని అడిగితే, డ్రైవరు ఎంతో ఓపికగా విడమరిచి చెప్పాడు. ఉద్యమంలో ఒక్కొక్కరు ఒక్కొక్కటి త్యాగం చేస్తున్నారట. ఉద్యోగులు జీతాలు వదులుకున్నారు, పిల్లలు బడి వదులుకున్నారు, మేం నలభై రూపాయలు వదులుకోలేమా అన్నాడు. మరి నువ్వేం వదులుకున్నావని నేను అడిగేలోపే, ఎల్‌బీ నగర్ ఇంకా కిలోమీటరున్నర ఉందనగా మమ్మల్ని రోడ్డు మీద వదులుకున్నాడు. ముందు దారి లేదు.

దారి ఎందుకు లేదో వాసన బట్టే తెలిసింది. పోపు వాసన. విజయవాడ హైవే నడిమధ్యలో రాళ్ల పొయ్యిలు పెట్టి, గుండిగలెక్కించి వంట చేస్తున్నారు. దీన్ని వంటా వార్పు అంటారు. రోడ్డు బంద్ పెట్టడం, అక్కడే వండడం, అక్కడే వడ్డించడం. బండ్లు ఆపిన పాపానికి ఆగినవాళ్లకి కూడా అన్నం పెట్టే ఆందోళన ఇంకే దేశంలో ఉందో నాకు తెలియదు. దుబాయ్‌లో రోడ్డు మధ్యన ఆగితే జరిమానా వేస్తారు. ఇక్కడ విస్తరి వేస్తారు.

విస్తరి దాకా రావడానికి ముందు చిన్న అడ్డంకి వచ్చింది. ఊళ్లో ఉద్యోగులందరూ సమ్మెలో ఉన్నారు. అలాంటప్పుడు లాప్‌టాప్ సంచీతో గబగబా నడిచే మనిషి ఎవరై ఉంటుంది? సమ్మెని మోసం చేసి ఆఫీసుకి పోయే మనిషే అయి ఉంటుంది. మెడలో కండువా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన మమ్మల్ని ఆపి, ఏ ఆఫీసు అని అడిగాడు. నాకు ఆఫీసు లేదన్నాను. అందరూ అదే చెబుతారన్నాడు. ఇది పని చేయని లాప్‌టాప్ అని తీసి మీట నొక్కి చూపించాను. పని చేసేదాన్ని పని చేస్తుందని నిరూపించొచ్చు. పని చేయనిదాన్ని ఎంత నొక్కినా, నిరూపించినట్టు ఎవరికీ అనిపించదు. బ్యాటరీ తీసేసి ఉంటుందని వెనక నుంచి ఎవరో అన్నారు.

అప్పుడు యాదగిరి నోరు తెరిచాడు. పొద్దుట్నుంచి అదే మొదటి మాట.

“అన్న, మేం మగ్గపోళ్లం. గిండ్ల మా నాయిన బట్ట ఉన్నది. జర పోనియ్యుండ్రి.”

ఆ పెద్దమనిషి లాప్‌టాప్ వైపు, యాదగిరి వైపు చూశాడు. ఇందులో బట్ట ఏమిటో ఆయనకి అర్థం కాలేదు. గుండిగ దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ తీర్పు చెప్పింది. నన్ను ఉల్లిగడ్డలు కొయ్యమంది. ఆఫీసుకి పోయేదైతే గడియారం చూసుకుంటూ కోస్తుంది, లేకపోతే ఉల్లిగడ్డలు చూసి కోస్తుంది, ఇట్టే తెలిసిపోతుందని ఆమె లెక్క. నేను అర బస్తా కోశాను. కళ్లనిండా నీళ్లే, గడియారం చూడ్డానికి వీలెక్కడిది? నా మీద అనుమానం పూర్తిగా తొలగిపోయింది.

తెలంగాణ రావాలన్న కోరిక నాకు ఎవరికంటే తక్కువ లేదు. మా ఊరి నీళ్లూ, మా ఊరి నూలూ, మా పిల్లల ఉద్యోగాలూ నాకూ తెలుసు. కాకపోతే సర్వీస్ సెంటర్ ఐదున్నరకి మూసేస్తారు. ఆ రోజుకి నాకు కావలసింది ఐదున్నర లోపల రెండు వందల గజాల దారి.

అన్నం, ముద్దపప్పు, పచ్చిపులుసు వడ్డించారు. తారు రోడ్డు మీద బాసింపట్లు వేసుకుని తింటే పచ్చిపులుసు రుచి ఇంతింత కాదు. ఆగిపోయిన లారీ డ్రైవరొకడు నా పక్కన కూర్చున్నాడు. తణుకు దగ్గరి మనిషి. మా వైపు చారు కాచి చేస్తామండీ, ఇలా పచ్చిది పోసుకోమండీ అన్నాడు. ఎదురుగా కండువా పెద్దమనిషి ముద్ద నోట్లో పెట్టుకుంటూ, “గందుకే అలగ్ రాష్ట్రం కావాలంటున్నం” అన్నాడు. లారీ డ్రైవరే అందరికంటే గట్టిగా నవ్వాడు. మారు కూడా అడిగి పోయించుకున్నాడు.

గుండిగలు కడిగి రోడ్డు వదిలేసరికి ఆరయింది. సర్వీస్ సెంటర్‌కి తాళం. వచ్చిన దారినే నడిచి ఇంటికి వచ్చాం. దారిలో యాదగిరి సంచీ నన్ను మొయ్యనివ్వలేదు.

రెండో రోజు: ఆథరైజ్డ్ అంతస్తు

మర్నాడు పొద్దున్నే అదే పాల వ్యాన్ పట్టుకుని, వంటలు మొదలవకముందే ఎల్‌బీ నగర్ చేరాం. సర్వీస్ సెంటర్ మూడో అంతస్తులో ఉంది. కరెంటు లేదు కాబట్టి లిఫ్టు లేదు. అప్పుడు బొగ్గు గనుల్లో కూడా సమ్మె, పూటకింత కరెంటు కోత. కానీ లోపల అద్దాల తలుపు, టోకెన్ల యంత్రం, యంత్రం పని చేయడం లేదు కాబట్టి కాగితం ముక్క మీద టోకెన్ నంబరు రాసిచ్చే మనిషి, అన్నీ అంతర్జాతీయ స్థాయిలో ఉన్నాయి. మా నంబరు ఒకటి. మేం తప్ప ఇంకెవరూ లేరు. అయినా పిలిచేదాకా కూర్చోవాలన్నారు. గంట కూర్చున్నాం.

కౌంటర్లో ప్రసాద్ గారని ఒకాయన. మాట్లాడే తీరు బట్టి గోదావరి వైపు మనిషి, పదిహేనేళ్లుగా చంపాపేటలో ఉంటున్నాడట. ఎంత మర్యాదస్థుడంటే, కాదు అనే మాటని ఆయన నోట ఎన్ని రకాలుగా విన్నానో లెక్కలేదు, ఒక్కసారి కూడా బాధ కలగలేదు. ఎక్కడ కొన్నారండీ అని అడిగాడు. దుబాయ్ అన్నాను. పెన్ను పక్కన పెట్టేశాడు. గ్యారంటీ పుస్తకంలో ‘ఇంటర్నేషనల్’ చూపించాను. మాట నిజమేనండీ అన్నాడు. కాకపోతే ప్రపంచాన్ని కంపెనీ ప్రాంతాలుగా విభజించింది. దుబాయ్ ఒక ప్రాంతం, మనది ఇంకో ప్రాంతం. ఒక ప్రాంతంలో కొన్నది ఇంకో ప్రాంతంలో బాగుచేయాలంటే కొన్నచోటి డీలర్ ఒప్పుకోవాలి. ఆయన ఎంత శ్రద్ధగా చెప్పాడంటే, కిందన రోడ్డు మీద ప్రాంతం గురించే నినాదాలు వినిపిస్తున్నా ఆయనకి నవ్వు రాలేదు.

తర్వాత టార్చి వేసి మీటల సందుల్లోకి చూశాడు. దూదిపుల్లతో తీశాడు. ఎర్రటి పొడి, జిగురు. రిపోర్టులో ఇంగ్లీషులో రాశాడు. దాని తాత్పర్యం, బయటి పదార్థం వల్ల, వినియోగదారుడి చేతుల మీదుగా జరిగిన నష్టం.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దసరాకి మీరు దేనికీ పూజ చేయలేదా అని అడిగాను. ఆయన వెనక వరసగా నాలుగు కంప్యూటర్లున్నాయి, నాలుగింటికీ నొసట కుంకుమ ఉంది. వేలు పెట్టి చూపించాను. ప్రసాద్ గారు వెనక్కి తిరిగి చూసి, గొంతు తగ్గించాడు.

“మేము ప్లాస్టిక్ కవర్ తొడిగి పెడతామండీ.”

అదీ ఆథరైజ్డ్ భక్తి.

దానికంటే పెద్ద పిడుగు తర్వాత పడింది. దుబాయ్ ఒప్పుకుంటే ఏం చేస్తారని అడిగాను. బోర్డు మారుస్తాం, డిస్కు కూడా మారుస్తాం అన్నాడు. పాత డిస్కు కంపెనీకి వెళ్లిపోతుంది. అందులో ఉన్నవి ముందే తీసి ఇవ్వండన్నాను. సీలు విప్పి అలా తీయడానికి వాళ్లకి అనుమతి లేదు. డేటా బాధ్యత కంపెనీది కాదని గ్యారంటీ పుస్తకంలో ఇరవై భాషల్లో రాసి ఉంది. యాదగిరి ఇంత సేపూ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. మెల్లగా అడిగాడు.

“అంటే మిషిన్ మంచిగైతది, బట్ట పోతది. గంతేనా సారు?”

ప్రసాద్ గారు గ్యారంటీ పుస్తకం మూసి నా వైపు జరిపాడు.  ముత్తయ్య మీద కప్పండని ఫోన్లో చెప్పిన గొంతు నాదే కదా.

దుబాయ్‌కి ఫోన్ చేశాను. శుక్రవారం, సర్వీసు విభాగానికి సెలవు. బతిమాలి బతిమాలి దుకాణం నంబరు పట్టుకుంటే, నాకు అమ్మిన ఆ మలయాళీనే దొరికాడు. ఏడాది కింద నవ్వని మనిషి ఇప్పుడు ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. సమస్యే లేదు మేడమ్, బిల్లు తీసుకుని మా దుకాణానికి వచ్చేయండి, ఎప్పుడైనా రావచ్చు, పార్కింగ్ ఉచితం అన్నాడు. అప్పటికి నేను ఎల్‌బీ నగర్ నుంచి కొత్తపేటకే దారి ఎలా అని ఆలోచిస్తున్నాను. ఆదివారం ఆఫీసు తెరవగానే పై అధికారికి చెప్పి ప్రయత్నిస్తానని మాత్రం మాటిచ్చాడు.

మెట్లు దిగుతుంటే ప్రసాద్ గారు వెనకాలే వచ్చాడు. మెడలో ఐడీ కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“నేను చెప్పానని ఎక్కడా అనకండి. మా ఇంట్లో లాప్‌టాప్ పోయినా నేను జహంగీర్ భాయ్ దగ్గరికే పట్టుకెళ్తాను. దిల్‌సుఖ్‌నగర్, సెల్లార్లో ఉంటాడు. సీలు మాత్రం పోతుందండీ, ఇంక మేం ముట్టుకోం.”

చిరునామా నా గ్యారంటీ పుస్తకం వెనక అట్ట మీదే రాసిచ్చాడు. ఆ పుస్తకంలో నాకు అక్కరకొచ్చిన పేజీ అదొక్కటే.

మూడో రోజు: మోకాలెత్తు వ్యాపారం

మూడో రోజు ఆటోలు కూడా లేవు. ఎల్‌బీ నగర్ దాకా పాల వ్యాన్, అక్కడ్నుంచి నడక. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర లారీల్లో బత్తాయిలు మగ్గిపోయి రోడ్డంతా తియ్యటి పులుపు వాసన. అమ్మేవాడొకడు మమ్మల్ని పిలిచి మరీ డజను కొన్నవాళ్లకి డజను ఉచితం అన్నాడు. మేం ఒక డజను కొన్నాం, రెండు డజన్లు మోశాం.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద అన్ని షట్టర్లూ దించి ఉన్నాయి. కొత్తవాళ్లయితే బంద్ సంపూర్ణం అని రాసుకుని వెళ్లిపోతారు. దగ్గరికి పోయి చూస్తే షట్టర్లు నేల దాకా లేవు, మోకాళ్ల దాకా ఉన్నాయి. ఆ మోకాలెత్తు సందులోంచే వ్యాపారమంతా నడుస్తోంది. వంగి లోపలికి దూరాలి, వంగి బయటికి రావాలి. చీరల దుకాణంలోంచి పట్టుచీర కట్టిన ఆవిడ పాకుతూ బయటికి రావడం నా కళ్లతో చూశాను. ఆమె లేచి, మోకాళ్లు దులుపుకుని, ఎంతో హుందాగా నడిచి వెళ్లిపోయింది. ఊరేగింపు వచ్చినప్పుడు షట్టరు నేలకి దిగుతుంది, పోగానే మళ్లీ మోకాలికి లేస్తుంది. ఊరేగింపులో ఉన్నవాళ్లకీ ఈ సంగతి తెలుసు, వాళ్లలో సగం మందివి ఆ దుకాణాలే మరి.

జహంగీర్ భాయ్ సెల్లార్‌కి కూడా అలాగే దూరాం. అరవై దాటిన మనిషి, తెల్ల గడ్డం, ముక్కు చివర కళ్లద్దాలు. ఒకప్పుడు రేడియోలు, తర్వాత టేప్‌రికార్డర్లు, తర్వాత టీవీలు, ఇప్పుడు ఇవి. వెళ్లగానే స్టూలు వేశాడు. చాయ్ తెప్పించాడు. పిల్లలు ఏం చదువుతున్నారని అడిగాడు. సరిగ్గా నేను దుబాయ్ పారిపోయింది ఈ మర్యాదల నుంచే. చాయ్ మాత్రం చాలా బాగుంది.

కరెంటు రెండింటికి వచ్చి నాలుగింటికి పోతుందన్నాడు. రెండింటి దాకా బత్తాయిలు ఒలుచుకుని తిన్నాం. బల్బు వెలగగానే ఆయన లాప్‌టాప్ తిరగేసి, స్క్రూ మీద అతికించిన వెండి రంగు సీలు చూసి ఆగాడు.

“అమ్మా, గిది నేను చింపను. మీరే చింపాలె. రేపు కంపెనీవాళ్లు తీస్కుంటుండె, జహంగీర్ ఖరాబ్ చేసిండు అనొద్దు.”

యాదగిరి వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు, సీలు వైపే చూస్తున్నాడు. గోరు పెట్టి చింపాను. చాలా తేలిగ్గా వచ్చేసింది. నేను అంత జాగ్రత్తగా కాపాడుకున్నది అగ్గిపెట్టె లేబులంత కాగితం.

చింపిన పది నిమిషాలకి దుబాయ్ నుంచి ఫోన్. ఆదివారం దాకా ఆగలేక ఆ మలయాళీ తన పై అధికారి ఇంటికే ఫోన్ చేశాడట. నా మీద జాలితో ప్రత్యేకంగా ఒప్పించాడట. అంతా ఉచితం, సీలు చెక్కుచెదరకుండా ఉంటే చాలు అన్నాడు. పాపం మంచివాడే. ఆయన సంతోషం పాడు చేయడం ఇష్టం లేక, చాలా థాంక్స్ అని పెట్టేశాను.

తెర వెలిగాక

జహంగీర్ భాయ్ డిస్కు బయటికి తీసి, తుడిచి, తన కంప్యూటర్‌కి తగిలించాడు. బోర్డు పోయింది, డిస్కుకి ఏమీ కాలేదన్నాడు. నా ఫోల్డర్లు ఒక్కొక్కటే తెర మీదికొచ్చాయి. ముత్తయ్య పేరుతో ఉన్నది నొక్కాను. ఎరుపూ నలుపూ గళ్లతో రుమాలు మొత్తం తెరనిండా పరుచుకుంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. జహంగీర్ భాయ్ మొహం పక్కకి తిప్పుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

యాదగిరి స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. నల్ల రంగుతో కలిపి పటం మొత్తం చూడ్డం అతనికి అదే మొదటిసారి. నేను ఇచ్చినవి ఎరుపు కాగితాలే కదా. మొదటి మూల నుంచి వేలితో వెతుక్కుంటూ రెండో మూలకి, మూడో మూలకి వచ్చాడు. నాలుగో మూల దగ్గర వేలు ఆగింది. మళ్లీ మొదటికి పోయి మళ్లీ వచ్చాడు.

“అక్క, నాయిన నాడె ఏది?”

నాకు అర్థం కాలేదు. నాడె అంటే మగ్గంలో అడ్డపోగుని అటూ ఇటూ మోసే పడవ ఆకారపు చెక్క, ఈ పటంలో దానికేం పని? ఏ నాడె అన్నాను.

“గీ మూలల నల్ల పువ్వు ఉండదు. నల్లగ నాడె ఉంటది, జర వంకరగ. నాయిన ఏ రుమాలు నేసినా గీడ నాడె పెడుతుండె. గది చూసే ముత్తయ్య బట్ట అని గుర్తు పడుతుండిరి.”

అప్పుడు గుర్తొచ్చింది. కంప్యూటర్ మీద చదరపు డిజైన్ ఎవరూ మొత్తం గీయరు. ఒక మూల గీసి, దాన్ని అద్దంలో తిప్పినట్టు మిగిలిన మూడు మూలలకీ తిప్పేస్తాం. నిమిషంలో పని అయిపోతుంది. నేనూ అలాగే చేశాను. భూతద్దంలో నాలుగో మూల చూడకపోలేదు. చూశాను. పువ్వు ఉండాల్సిన చోట ఏదో వంకరగా ఉంటే, అప్పట్లో ముత్తయ్య చేతిలో ముడి జారిందనుకున్నాను. సాయం చేస్తున్నాననుకుని సరిచేశాను. అంటే మూడు రోజులుగా నేను కాపాడుకొస్తున్న పటంలోంచి ముత్తయ్యని ఏ కొబ్బరినీళ్లూ తుడిచేయలేదు. ఆయన బతికుండగానే, ఆయన ఇంట్లోనే కూర్చుని, నేనే తుడిచేశాను. దానికి ఏ దేశంలోనూ సర్వీస్ సెంటర్ లేదు.

 తప్పు నాదే యాదగిరీ అని ఎలాగో అన్నాను. ముడి జారిందనుకున్నానని కూడా చెప్పాను.  అతను జహంగీర్ భాయ్ బల్ల మీది పాత బిల్లు కాగితం ఒకటి తిరగేసుకుని, పెన్ను అడిగి తీసుకుని, ఎక్కడా ఆగకుండా ఒక నాడె గీశాడు. ఎడమ పక్కకి కొంచెం వాలింది. కింద పోగుల లెక్క కూడా వేశాడు, నోట్లోనే లెక్కపెట్టుకుంటూ.

“నడుమ పనంత నాకు యాది లేదక్క. గది నీ దగ్గర్నే ఉన్నది. గీ మూల మాత్రం చిన్నప్పట్సంది నేనే కడుతుంటి, నాయిన కట్టిస్తుండె. మూడు మూలలు నువ్వు చెప్పినట్టె కడత. గిదొక్కటి నాకిడిశిపెట్టు.”

గోడ గడియారంలో నాలుగు కావడానికి ఐదు నిమిషాలుంది. నాలుగో మూలలోని నల్ల పువ్వు చెరిపేసి, అక్కడ తెల్లగా ఖాళీ వదిలి, కరెంటు పోయేలోపల జహంగీర్ భాయ్ ప్రింటరు మీద ప్రింటు తీసి అతని చేతికిచ్చాను.